కెనడాలో స్థిరపడిన ఫ్రెంచి సిపాయి: వంశశోధనలో కాగితం, కణం

ఏటి మూలం, ఋషి మూలం అడగరాదని పెద్దల మాట. అయినను తన మూలమేమిటో తెలుసుకోవాలనే కుతూహలం మానవునికి సహజం. ముత్తాత ఏ ఊరివాడు, ఏ వృత్తివాడు, ఆ ఊరిని ఎందుకు విడిచాడు అనే ప్రశ్నలు స్వదేశంలో ఉన్నవారికంటె విదేశంలో పెరిగే పిల్లలకే ఎక్కువగా కలుగుతాయి. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పే విద్యకు వంశశోధన అని పేరు. ఒకప్పుడు ఇది రాజవంశాలకు, భట్రాజుల నోటికి మాత్రమే పరిమితమైన విద్య. నేడు చరిత్ర, గణితం, జీవశాస్త్రం కలిసిన శాస్త్రం. ఈ శాస్త్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడానికి మూడున్నర శతాబ్దాల క్రితం సముద్రం దాటి కెనడాలో స్థిరపడిన సామాన్య ఫ్రెంచి సిపాయి చరిత్ర కంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

రెండు ఖండాలలో ఒకే యుద్ధం

కెనడాలోని ఫ్రెంచి సిపాయికి, నాటింగ్‌హామ్ నగరానికి, తెలుగుదేశానికి సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చును. సంబంధం ఉన్నది. షెర్వుడ్ ఫారెస్టర్స్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన నాటింగ్‌హామ్ పటాలానికి మూలం 45వ పదాతి పటాలం. నాటింగ్‌హామ్‌షైర్ అనే పేరు రాకముందే ఆ పటాలం కెనడా తూర్పుతీరంలోని నోవాస్కోషియాలో ఏళ్ల తరబడి కాపు కాసింది. 1758 జులైలో లూయిబర్గ్ కోటను ఫ్రెంచివారినుండి పట్టుకున్న సైన్యంలో అది ఒక భాగం.

అదే సంవత్సరం డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద మరొక యుద్ధం జరిగింది. అక్కడ కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు దండు, విజయనగర ప్రభువు ఆనంద గజపతి సేన కలిసి కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి దండును ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో క్విబెక్ నగరం ఇంగ్లీషువారి వశమైంది. ఇవన్నీ సప్తవర్ష సంగ్రామమనే ఒకే యుద్ధంలోని ఘట్టాలు. ఉత్తర సర్కారుల భవితవ్యాన్ని, కెనడా భవితవ్యాన్ని నిర్ణయించిన యుద్ధం ఒక్కటే. బెర్రీ పటాలానికి చెందిన దళాలను మొదట ఇండియాకు పంపాలని నిశ్చయించి, చివరకు 1757లో కెనడాకు మళ్లించారు. ఆ నిర్ణయం మారకపోతే క్విబెక్ మంచులో నిలిచిన సిపాయి చోళమండల తీరపు ఎండలో నడచి ఉండేవాడు.

ఆ విధంగా ఒకే రాజు ఉప్పు తిన్న సిపాయిలలో కొందరి సంతతి నేటికి పేరుపేరునా తెలుసు. మరికొందరి ఆనవాలు లేదు. ఈ భేదానికి కారణం శౌర్యం కాదు, అదృష్టం కాదు. కారణం ఒక పుస్తకం. ఆ పుస్తకం కథే ఈ వ్యాసానికి ప్రధాన విషయం.

పన్నెండు వందల మంది రాక

17వ శతాబ్దం మధ్యలో న్యూ ఫ్రాన్స్ అనబడే ఫ్రెంచి కెనడా చాలా చిన్న వలస. సెయింట్ లారెన్స్ నదీతీరాన మూడు వేలకు మించని జనం ఉండేవారు. ఇరక్వా జాతులతో పోరు తెగక, పొలానికి వెళ్లినవాడు ఇంటికి తిరిగివస్తాడనే నమ్మకం లేని రోజులవి. పద్నాలుగవ లూయీ రాజు 1665లో కారిన్యాన్-సాలియేర్ అనే పటాలాన్ని అక్కడికి పంపాడు. సుమారు పన్నెండు వందల మంది సిపాయిలు ఓడలమీద ఆ వేసవిలో క్విబెక్ చేరారు. వారు రిషల్యూ నది వెంబడి కోటలు కట్టారు. 1666లో మొహాక్ జాతి గ్రామాలమీద దండెత్తారు. మరుసటి ఏడు సంధి కుదిరింది.

పని ముగిసిన పటాలాన్ని 1668లో వెనుకకు పిలిచారు. అయితే అక్కడే ఉండిపోదలచినవారికి భూమి ఇస్తామని ప్రభుత్వం ఆశ చూపింది. దాదాపు నాలుగు వందల మంది ఉండిపోయారు. అధికారులకు పెద్ద జాగీర్లు, సామాన్య సిపాయిలకు ఆ జాగీర్లలో నదికి అభిముఖంగా సన్నని పొడవాటి కమతాలు దక్కాయి. సొరెల్, షాంబ్లి, వెర్షేర్, కాంట్రకేర్ అనే క్విబెక్ ఊళ్ల పేర్లు ఆ పటాలపు అధికారుల పేర్లే. అట్లు స్థిరపడిన సిపాయిల జాబితా ఒకటి నేటికి నిలిచి ఉన్నది. వంశశోధకునికి అది మొదటి ఆధారం.

తరువాత 1683 మొదలు నౌకాశాఖకు చెందిన స్వతంత్ర దళాలు వచ్చాయి. సప్తవర్ష సంగ్రామ కాలంలో మోంకామ్ సేనానితో మరికొన్ని పటాలాలు వచ్చాయి. ఈ మూడు విడతలలోను కొందరు సిపాయిలు అక్కడే పెండ్లాడి రైతులైనారు.

రాజుగారి కుమార్తెలు

సిపాయి ఉండిపోయినంత మాత్రాన వంశం నిలవదు. 1663కు ముందు ఆ వలసలో పెండ్లికాని మగవారు అనేకులు, పెండ్లికాని ఆడవారు బహు కొద్దిమంది. అందువలన 1663 మొదలు 1673 వరకు ఫ్రాన్సు ప్రభుత్వం దాదాపు ఎనిమిది వందల మంది యువతులను ప్రయాణపు ఖర్చు భరించి పంపింది. వీరిలో చాలామంది తండ్రినో తల్లినో కోల్పోయినవారు, పేదవారు. రాజు ఖర్చుతో వచ్చినందున వారికి ‘రాజుగారి కుమార్తెలు’ అనే పేరు స్థిరపడింది. వారిని బలవంతంగా ఎవరికో కట్టబెట్టలేదు. వరుని ఎన్నుకొనే, కాదనే అవకాశం వారికి ఉండెడిది. పెండ్లి ఒప్పందం వ్రాయించుకుని, తరువాత రద్దు చేసుకున్నవారు కూడా ఉన్నారు.

ఇంటెండెంట్ జ్యాఁ తలోఁ 1666లో జరిపించిన జనాభా లెక్కలో 3,215 మంది తేలారు. 1681 లెక్కలో ఆ సంఖ్య పదివేలకు చేరువైంది. నేడు క్విబెక్‌లోని ఫ్రెంచి కుటుంబాలలో చాలా భాగం ఏదో ఒక మార్గాన ఈ సిపాయిలకు, ఈ యువతులకు సంతానమే.

పెండ్లి పుస్తకమనే గొలుసు

ఇక ఆ పుస్తకం విషయం. ఫ్రాన్సులో చర్చి గురువులు జ్ఞానస్నానాలను పుస్తకంలో వ్రాయాలని 1539లోనే రాజశాసనం వెలువడింది. ఆ ఆచారం కెనడాకు కూడా వచ్చింది. క్విబెక్ చర్చి పుస్తకం 1621లో మొదలైంది. 1640లో చర్చి తగులబడి పుస్తకం కాలిపోతే, గురువులు జ్ఞాపకమున్నంత వరకు మళ్లీ వ్రాసుకున్నారు. పుస్తకానికి రెండు ప్రతులు ఉంచే నియమం కూడ ఆ శతాబ్దంలోనే అమలులోకి వచ్చింది. ఒకటి చర్చిలో, ఒకటి న్యాయస్థానంలో. ఒకటి కాలినా రెండవది మిగులుతుంది.

ఆ పుస్తకంలో పెండ్లి నమోదు విలువైనది. అందులో వరుని పేరు, వధువు పేరు మాత్రమే కాక, వారిద్దరి తల్లిదండ్రుల పేర్లు, ఫ్రాన్సునుండి వచ్చినవారైతే వారి స్వగ్రామం, చర్చి, మేత్రాసనం కూడ సాధారణంగా ఉంటాయి. ఇంకొక విశేషం కలదు. స్త్రీ పెండ్లి తరువాత కూడ పుట్టింటి పేరుతోనే పుస్తకంలో కనబడుతుంది. బిడ్డ జ్ఞానస్నానంలోను, చివరకు ఆమె సమాధి నమోదులోను అదే పేరు. ఈ సంప్రదాయం క్విబెక్‌లో ఎంత బలమైనదంటే, 1981 నాటి కుటుంబ చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరు పుట్టినప్పటి పేర్లనే వాడాలి.

శోధన పద్ధతి ఇట్లుంటుంది. తెలిసినదానినుండి తెలియనిదానికి వెళ్లాలి. నేటి మనిషి తన తల్లిదండ్రుల పెండ్లి నమోదు చూస్తాడు. అందులో తాతల, అమ్మమ్మ నాయనమ్మల పేర్లు ఉంటాయి. ఆ పేర్లతో వారి పెండ్లి నమోదు వెదకుతాడు. అందులో వారి తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. ఒక్కొక్క పెండ్లి ఒక్కొక్క లంకె. తరానికి ముప్పది సంవత్సరాల చొప్పున లెక్కిస్తే 1668 వరకు పదకొండు, పన్నెండు లంకెలు చాలును. చివరి లంకెలో ‘ఫలానా పటాలపు సిపాయి, ఫలానా గ్రామవాసి’ అనే వాక్యం ఉండవచ్చును. అక్కడినుండి శోధన సముద్రం దాటి ఫ్రాన్సుకు వెళ్తుంది.

ఈ పని శోధకులకు సులభం చేసినవారు కొందరున్నారు. సిప్రియన్ తాంగే అనే గురువు 1871 మొదలు 1890 వరకు ఏడు సంపుటాలలో ఫ్రెంచి కెనడా కుటుంబాల నిఘంటువు ప్రకటించాడు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో ఆరంభమైన జనచరిత్ర పరిశోధన ఆ పుస్తకాలలోని నమోదులను కంప్యూటరుకు ఎక్కించి, ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క జీవితపత్రం తయారుచేసింది. ఒక సమాజం మొత్తాన్ని మొదటి వలసదారునుండి ఇట్లు పేరుపేరునా అనుసంధానించిన సందర్భాలు ప్రపంచంలో చాలా తక్కువ.

మారుపేర్ల చిక్కు

ఈ మార్గం నిష్కంటకం కాదు. ఫ్రెంచి సిపాయి దండులో చేరగానే అతనికి ఒక మారుపేరు పెట్టేవారు. లాఫ్లర్ అంటే పువ్వు. సాఁసూసీ అంటే చింతలేనివాడు. జోలికర్ అంటే మంచి మనసువాడు. ఈ మారుపేరుకు ముందు ‘దీ’ అనే మాట చేర్చేవారు. ‘అనబడే’ అని దాని అర్థం. సిపాయి రైతైన తరువాత అతని పిల్లలలో ఒకడు అసలు ఇంటిపేరు, మరొకడు మారుపేరు పెట్టుకునేవారు. రెండు మూడు తరాలలో అన్నదమ్ముల బిడ్డలు వేరువేరు ఇంటిపేర్లతో కనబడతారు. ఇంకొకవైపు, ఏ బంధుత్వమూ లేని ఇద్దరు ‘పువ్వు’లు ఒకే ఊరిలో ఉంటారు. ఊరి పేరు, వృత్తి పేరు ఇంటిపేరుగా మారిన తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఒకే ఇంటిపేరుగల రెండు కుటుంబాల గోత్రాలు వేరు కావడం తెలుగునాట సర్వసామాన్యం.

అందువలన పేరు ఒక్కటే సాక్ష్యం కాజాలదు. వయస్సు సరిపోయిందా, జ్ఞానస్నానంలో సాక్షులుగా నిలిచినవారు బంధువులేనా, పక్క కమతం ఎవరిది, నోటరీ వద్ద వ్రాయించిన పెండ్లి ఒప్పందంలో ఏ సంతకం ఉన్నది అని నాలుగువైపులనుండి సరిచూడాలి. సప్తవర్ష సంగ్రామ కాలపు సిపాయిల విషయంలో మరొక ఆధారం కూడ కలదు. దూరదేశపు సిపాయి పెండ్లాడగోరితే, అతనికి స్వదేశంలో భార్య లేదని చర్చి అధికారులు విచారించేవారు. అతడు ఎప్పుడు ఊరు విడిచాడు, ఏ పటాలంలో చేరాడు, అతనిని చిన్ననాటినుండి ఎరిగిన తోటి సిపాయి ఎవరు అని ప్రశ్నించి వ్రాసుకున్నారు. సామాన్య సిపాయి స్వరం చరిత్రలో వినబడే చోట్లు అరుదు. ఈ వాఙ్మూలాలు అటువంటివి.

కణంలోని సాక్ష్యం

కాగితం అబద్ధమాడవచ్చును, లేదా మౌనం వహించవచ్చును. అప్పుడు రెండవ సాక్షిని పిలవాలి. ఆ సాక్షి ప్రతి మనిషి శరీరకణంలోను ఉన్న డీఎన్ఏ. వంశశోధనకు పనికివచ్చే డీఎన్ఏ మూడు విధాలు.

మొదటిది వై క్రోమోజోము. ఇది తండ్రినుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తుంది. గోత్రం ఏ దారిలో నడుస్తుందో ఇది సరిగ్గా ఆ దారిలోనే నడుస్తుంది. తరాలు గడిచిన కొద్దీ దీనిలో అక్షరదోషాలవంటి చిన్న మార్పులు మాత్రమే వస్తాయి. సిపాయి ఇద్దరు కుమారుల పురుషసంతతిలో నేడు ఇద్దరు మగవారు ఉన్నారనుకోండి. వారి వై క్రోమోజోములు సరిపోలితే, ఆ సిపాయి వై క్రోమోజోము ఏదో తెలిసినట్లే. మూడున్నర శతాబ్దాల క్రితం మరణించినవాని రక్తపరీక్ష చేసినట్లే.

రెండవది మైటోకాండ్రియా డీఎన్ఏ. ఇది తల్లినుండి బిడ్డలందరికి వస్తుంది, కాని కూతుళ్లు మాత్రమే ముందు తరానికి అందిస్తారు. 16,569 అక్షరాల ఈ చిన్న గ్రంథం అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ అనే దారిలో ప్రయాణిస్తుంది.

మూడవది తక్కిన 22 జతల క్రోమోజోములలోనిది. ఇది తల్లినుండి సగం, తండ్రినుండి సగం వస్తుంది. ప్రతి తరంలోను ముక్కలై మళ్లీ కలుస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవలసి ఉన్నది. ఒక తరం వెనుక ఇద్దరు పూర్వీకులు, రెండు తరాల వెనుక నలుగురు, మూడు తరాల వెనుక ఎనమండుగురు. పదకొండు తరాల వెనుక ఆ స్థానాలు 2,048. కాని పదకొండు తరాలలో డీఎన్ఏ విడిపోయే ముక్కలు సగటున ఏడు వందలు మాత్రమే. ఏడు వందల ముక్కలను రెండు వేల మందికి పంచలేము. కనుక ఆ దూరంలోని పూర్వీకులలో చాలామందినుండి నేటి మనిషికి ఒక్క అక్షరం కూడ సంక్రమించి ఉండదు. వంశవృక్షంలో అతడు పూర్వీకుడే. రక్తంలో మాత్రం అతని జాడ లేదు. ‘ఫలానా సిపాయి డీఎన్ఏ నాలో లేదు, కనుక అతడు నా పూర్వీకుడు కాడు’ అని తీర్మానించడం తప్పని ఈ లెక్క బోధిస్తుంది. దూరపు పూర్వీకుని పట్టుకోవడానికి వై క్రోమోజోము, మైటోకాండ్రియా ఎందుకు ముఖ్యమో కూడ ఇదే చెబుతుంది. అవి ముక్కలై కలిసిపోవు.

లెస్టర్ నేర్పిన పాఠం

కాగితాన్ని, కణాన్ని కలిపి చదవడానికి గొప్ప ఉదాహరణ నాటింగ్‌హామ్‌కు పొరుగుననే జరిగింది. 1485 ఆగస్టులో మూడవ రిచర్డ్ రాజు నాటింగ్‌హామ్ కోటనుండి బయలుదేరి లెస్టర్ మీదుగా బాస్‌వర్త్ యుద్ధభూమికి వెళ్లి అక్కడ మరణించాడు. 2012లో లెస్టర్ నగరంలోని ఒక కార్ల పార్కింగు స్థలం క్రింద ఒక అస్థిపంజరం దొరికింది. అది రాజుదేనా అన్నది ప్రశ్న.

రిచర్డ్ అక్క ఆన్ సంతతిని స్త్రీల వరుసలో తరం తరువాత తరం కాగితాలమీద అనుసరించగా, ఆ దారి కెనడాకు చేరింది. కెనడాలో పుట్టి లండన్‌లో వడ్రంగం చేసే మైకేల్ ఇబ్సెన్ ఆ వరుసకు చెందినవాడని తేలింది. మరొక దారిలో వెండీ డుల్డిగ్ అనే మహిళ దొరికింది. వారిద్దరి మైటోకాండ్రియా డీఎన్ఏ ఆ ఎముకలలోని డీఎన్ఏతో సరిపోలింది. ఆ అస్థిపంజరం రిచర్డ్‌దేనని 2013 ఫిబ్రవరిలో ప్రకటించారు. సమస్త సాక్ష్యాలను కలిపి 2014లో ప్రకటించిన శాస్త్రపత్రం ఆ నిర్ణయం 99.999 శాతం దృఢమైనదని లెక్కించింది.

కథ అక్కడితో ముగియలేదు. పురుషుల వరుసలో మూడవ ఎడ్వర్డ్ రాజునుండి దిగివచ్చినట్లు కాగితాలు చెప్పే ఐదుగురు మగవారిని కూడ పరీక్షించారు. వారిలో ఎవరి వై క్రోమోజోము రిచర్డ్‌తో సరిపోలలేదు. ఐదుగురిలో ఒకరిది తక్కిన నలుగురితోనే సరిపోలలేదు. అంటే ఘనమైన ఆ వంశవృక్షంలో ఎక్కడో ఒకచోట కాగితంమీది తండ్రి, కన్నతండ్రి వేరు. ఎన్నడు, ఏ తరంలో అన్నది కణం చెప్పదు.

ఈ పాఠం ప్రతి కుటుంబానికి వర్తిస్తుంది. వై క్రోమోజోము సరిపోలకపోతే అది కళంకమని తొందరపడరాదు. దత్తత, మారుపేరు, మేనమామ ఇంట పెరిగి ఆ ఇంటిపేరు ధరించడం, ఇల్లరికం వచ్చిన అల్లునివల్ల నిలిచిన ఇంటిపేరు, ఇవన్నీ లంకెను తెంచుతాయి. తెలుగునాట దత్తపుత్రుడు గోత్రానికి, ఆస్తికి, పిండప్రదానానికి సంపూర్ణ వారసుడు. శాస్త్రం అతని క్రోమోజోమును గుర్తిస్తుంది. కుటుంబం అతనిని పెంచిన చేతులను గుర్తిస్తుంది. రెండూ సత్యాలే. వంశవృక్షం గీచేవాడు ఏ సత్యాన్ని గీస్తున్నాడో ముందుగా తెలుసుకొని ఉండాలి. డీఎన్ఏ పరీక్షకు డబ్బు కట్టబోయే కుటుంబం, ఊహించని సమాధానం వస్తే ఏమి చేయాలో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఆ సమాధానం ఒక్కరిది కాదు. అది అన్నదమ్ములది, అక్కచెల్లెండ్రది, పుట్టబోయే పిల్లలది కూడ.

ఒక తల్లి, ఒక జబ్బు

వంశశోధన కేవలం కుతూహలం తీర్చే వినోదం కాదు. యౌవనంలో, ముఖ్యంగా మగపిల్లలలో, హఠాత్తుగా కంటిచూపు పోయే లెబర్ వ్యాధి మైటోకాండ్రియాలోని ఒక్క అక్షరపు మార్పువలన కలుగుతుంది. క్విబెక్‌లోని రోగుల తల్లుల వరుసను చర్చి పుస్తకాలలో వెనుకకు వెదకగా, అనేక కుటుంబాల దారులు 1669లో క్విబెక్ నగరంలో పెండ్లాడిన ఒకే యువతి వద్ద కలిశాయి. ఆమె రాజుగారి కుమార్తెలలో ఒకతె. తన శరీరంలో అటువంటి మార్పు ఉన్నదని ఆమెకు తెలియదు. కొద్దిమందితో ఆరంభమైన సమాజంలో ఒక్కరిలోని మార్పు వేలమందికి చేరడాన్ని జన్యుశాస్త్రంలో ‘స్థాపక ప్రభావం’ అంటారు.

తెలుగు సమాజంలోను ఇట్టిది కలదు. తరతరాలుగా తమలో తామే వియ్యమందుకున్న సముదాయాలలో స్థాపక ప్రభావం బలంగా ఉంటుందని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, విదేశీ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రకటించారు. దానికి వారు చూపిన ఉదాహరణలలో ఆంధ్రదేశపు వైశ్య సముదాయం ఒకటి. వారిలో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. సాధారణ జీవితంలో దీనివలన ఏ బాధా కలగదు. కాని శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తే, కొద్ది నిమిషాలలో తగ్గవలసిన దాని ప్రభావం గంటల తరబడి నిలిచి, అంతవరకు రోగికి యంత్రంతో శ్వాస అందించవలసి వస్తుంది. కుటుంబంలో ఎవరికైన ఆపరేషను తరువాత మెలకువ, ఊపిరి ఆలస్యంగా వచ్చిన సంఘటన ఉంటే ఆ సంగతి మత్తు ఇచ్చే డాక్టరుకు ముందుగా చెప్పాలి. నాటింగ్‌హామ్ ఆసుపత్రిలోని డాక్టరుకు గుంటూరులోని పెద్దమ్మగారి ఆపరేషను సంగతి తనంతట తెలియదు. బంధువుల కథ తెలిసి ఉండడం ప్రాణాలను కాపాడే విషయమని దీనివలన స్పష్టమగుచున్నది.

తెలుగునాట ఫ్రెంచి సిపాయి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. బుస్సీ దొర దండు 1750 దశకంలో హైదరాబాదునుండి శ్రీకాకుళం వరకు నడచింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముట్టడిలో ఫ్రెంచి సిపాయిలున్నారు. తరువాత నిజాము కొలువులో రేమాఁ దొర వేలమంది సైనికులను తీర్చిదిద్దాడు. 1798 మార్చిలో అతడు మరణించాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువారు అతని దళాలను నిరాయుధం చేశారు. హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ అతడు స్థాపించిన ఫిరంగుల కార్ఖానాను, మూసారాంబాగ్ అతని పేరును నేటికి గుర్తుచేస్తున్నాయని చెబుతారు.

ఈ దండులలోని సామాన్య సిపాయిలలో కొందరికి తెలుగు స్త్రీలవలన సంతానం కలిగి ఉండడం సహజం. కాని వారి వంశాన్ని ఎట్లు వెదకాలి? దండు నడచిన ఊళ్లలో చర్చి లేదు, పెండ్లి పుస్తకం లేదు. తల్లి పేరు వ్రాసినవాడు లేడు. క్విబెక్‌లో మంచులో నిలిచిన సిపాయికి దక్కినది, రాజమహేంద్రవరం దారిలో మరణించిన సిపాయికి దక్కనిది ఆ ఒక్క పుస్తకమే.

యానాం కథ దీనికి భిన్నం. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ చిన్న తెలుగు పట్టణంలో జనన, వివాహ, మరణాల పుస్తకాలు ఫ్రెంచి పద్ధతిలో సాగాయి. వాటి ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్-ఆఁ-ప్రొవాఁస్ నగరంలో ఉన్న వలస ప్రాంతాల భాండాగారంలో భద్రపరచబడి, కంప్యూటరులో చూడదగిన స్థితిలో ఉన్నాయి. 1881 నాటి ఫ్రెంచి శాసనం ప్రకారం స్వంత కులధర్మాన్ని విడిచి ఫ్రెంచి పౌరధర్మాన్ని స్వీకరించిన భారతీయులు తమ కుటుంబానికి స్థిరమైన ఒక పేరును ఎన్నుకొనవలసి వచ్చింది. అటువంటి కుటుంబాల వారసుడు నేడు తన పూర్వీకుని పేరు మారిన రోజును కూడ కాగితంమీద చూడగలడు.

తెలుగు కుటుంబం ఎక్కడ వెదకాలి

ఫ్రెంచి సిపాయి పద్ధతినే తెలుగు కుటుంబాలకు అన్వయిస్తే కొన్ని దారులు తెరచుకుంటాయి.

మొదటిది, ఇంటిలోనే ఉన్న సంప్రదాయం. శ్రాద్ధ తర్పణాలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, మాతామహుల పేర్లు కూడ ఉచ్చరించే కుటుంబాలు అనేకం. అది మూడు తరాల మౌఖిక పుస్తకం. పురోహితుడు అడిగినప్పుడు చెప్పి మరచిపోకుండ, ఆ పేర్లను కాగితంమీద పెట్టాలి. క్రైస్తవ కుటుంబాలకు చర్చిలోని జ్ఞానస్నాన పుస్తకాలున్నాయి.

రెండవది, క్షేత్రాలలోని పండాల బహీలు. కాశీ, గయ యాత్రలు చేసిన పూర్వీకులు అక్కడి పండాల పుస్తకాలలో ఊరు, పేరు వ్రాయించి ఉండవచ్చును.

మూడవది, ప్రభుత్వ పత్రాలు. ఇనాము రిజిస్టర్లు, భూమి సెటిల్‌మెంటు పత్రాలు, పాత దస్తావేజులు తండ్రి పేరుతో సహా మనిషిని చూపుతాయి. కావలి సోదరుల సహాయంతో కల్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులు మనిషిని చూపకపోయినా ఊరి పుట్టుకను చూపుతాయి.

నాల్గవది, వలస పత్రాలు. 1834 తరువాత మారిషస్‌కు, 1860 తరువాత దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1903 తరువాత మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్లిన తెలుగు కూలీల పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, శరీరంమీది పుట్టుమచ్చ వరకు ఆనాటి అధికారులు వ్రాశారు. మారిషస్ పత్రాలు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. కూలివానిని సరుకుగా లెక్కించిన ఆ పత్రమే నేడు అతని మునిమనుమనికి ఊరి దారి చూపుతున్నది.

ఐదవది, బ్రిటన్‌లోనే ఉన్న నిధులు. కంపెనీ కాలంనుండి మద్రాసు రాజధాని పత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోను, బ్రిటిష్ సైనికుల పత్రాలు క్యూలోని జాతీయ భాండాగారంలోను ఉన్నాయి. నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్ నగరం నడిబొడ్డుననే ఉన్నది. అక్కడి చర్చి పుస్తకాలను ఒకసారి చూస్తే, సామాన్యుని పేరు వ్రాసి ఉంచడమంటే ఏమిటో పిల్లలకు ప్రత్యక్షంగా తెలుస్తుంది.

నేడు వ్రాయవలసిన పుస్తకం

క్విబెక్ చర్చి గురువు భవిష్యత్తు శాస్త్రజ్ఞులకోసం వ్రాయలేదు. ఆ రోజు జరిగినదానిని ఆ రోజే వ్రాశాడు. తల్లి పేరు విడువలేదు. ఊరి పేరు విడువలేదు. రెండు ప్రతులు ఉంచాడు. ఈ మూడు నియమాలు చాలును.

విదేశాలలోని తెలుగు కుటుంబాలకు ఈ పని తొందరగా చేయవలసిన పని. ఇక్కడ పుట్టిన పిల్లవాని జన్మపత్రంలో తల్లిదండ్రులు పుట్టిన ఊరు ఉంటుంది గాని, నాయనమ్మ పుట్టినిల్లు ఉండదు. ఇంటిపేరు విదేశీ నాలుకకు అందక కుదించబడుతుంది. కొందరి విషయంలో తండ్రి పేరే ఇంటిపేరుగా మారుతుంది. ఇవి నేటి ‘దీ’ పేర్లు. మూడు తరాల తరువాత అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు గుర్తుపట్టలేరు.

వేసవి సెలవులకు స్వదేశం వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్లాలి. ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క పుట. పూర్తి ఇంటిపేరు, వ్యవహార నామం, గోత్రం లేదా చర్చి, పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరం, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు, పెండ్లి ఎక్కడ ఎప్పుడు జరిగింది, చేసిన పని, వచ్చిన పెద్ద జబ్బులు, దత్తత అయితే ఆ సంగతి. తెలియనిచోట ఊహతో నింపక ఖాళీగా విడువాలి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో క్రింద వ్రాయాలి. ఒక ప్రతి ఇక్కడ, ఒక ప్రతి అక్కడ ఉంచాలి. స్త్రీల పుటలు ముందుగా నింపాలి, ఎందుకంటే అవే ముందుగా చెరిగిపోతాయి. అమ్మమ్మ తల్లి పేరు చెప్పగలిగినవారు ఒక కుటుంబంలో సాధారణంగా ఒకరిద్దరే మిగిలి ఉంటారు. వారి వయస్సు ఎనుబదికి పైబడి ఉంటుంది.

కణం తనలోని పత్రాన్ని తరతరాలకు తానే నకలు తీసి పంపుతుంది. పేరును, ఊరును, కారణాన్ని పంపడం మాత్రం దానికి చేతకాదు. ఆ పని మనుషులే చేయాలి.